అమ్ముడుపోలేదా, అరలోనే లేదా? పప్పునూనె తీసేయమన్న రిపోర్టు గురించి

మీరు అడిగినదాన్ని ముందు ఒకసారి చెప్పుకుందాం, కొత్తగా చదివేవాళ్లకీ తెలుస్తుంది. రావులపాలెంలో మీరు చూస్తున్న సూపర్‌మార్కెట్ బ్రాంచిలో జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు పప్పునూనె (అంటే నువ్వుల నూనె) లీటరు ప్యాకెట్లు 23, అయిదు లీటర్ల క్యాన్లు 3 అమ్ముడయ్యాయి. నెలకి కనీసం 15 అమ్ముడుపోని సరుకు అరలో ఉండకూడదన్నది మీ కంపెనీ నియమం. అందుకని రెండూ తీసేసి, ఆ జాగాలో కొత్త బ్రాండు సన్‌ఫ్లవర్ నూనె సర్దమని హెడ్డాఫీసు నుంచి వచ్చింది. ఆ 92 రోజుల్లో లీటరు ప్యాకెట్ స్టాకు ఉన్నది 38 రోజులేనని కూడా మీరే రాశారు. ఏదో చివర్లో ఒక ముక్కగా రాశారు గానీ, మీ కేసంతా అందులోనే ఉందండి.

రిపోర్టు కొలిచింది అమ్మకాన్ని. నిర్ణయం తీసుకున్నది గిరాకీ మీద. ఈ రెండూ ఒకటే అనుకోవాలంటే సరుకు రోజూ అరలో ఉండి తీరాలి. మీ బ్రాంచిలో లేదు. 23ని 92తో భాగిస్తే రోజుకి 0.25, అంటే నెలకి ఏడో ఎనిమిదో. అదే 23ని సరుకున్న 38 రోజులతో భాగిస్తే రోజుకి 0.6, నెలకి 18. మొదటి లెక్కలో సరుకు ఫెయిలు, రెండో లెక్కలో పాసు. తేడా ఎక్కడుంది? మిగతా 54 రోజులు ఖాళీ అర చూసి వెనక్కి వెళ్లినవాళ్లందరినీ వద్దనుకున్నవాళ్ల కింద జమకట్టడంలో ఉంది.

అయితే ఈ 18 పట్టుకుని పోట్లాటకి దిగకండి. 23 అనేది చిన్న అంకె. ఇంత చిన్న అమ్మకాలు గిరాకీ ఏమీ మారకపోయినా ఊగుతూనే ఉంటాయి. ఎంత ఊగుతాయో చూడటానికి ఒక మోటు లెక్క ఉంది: అంకె వర్గమూలం తీసి రెండింతలు చెయ్యండి. 23కి వర్గమూలం సుమారు 5, రెండింతలు 10. అంటే అదే గిరాకీతో ఒకసారి 13 రావచ్చు, ఇంకోసారి 33 రావచ్చు. నెలకి 15 అన్న కంపెనీ గీతని 38 రోజులకి కుదిస్తే 19 అవుతుంది. 23 దానికి కాస్త పైన ఉంది, అంతే. కాబట్టి సరుకు బాగా పోతోందని మీరు రుజువు చెయ్యలేరు. పోవడం లేదని వాళ్లూ రుజువు చెయ్యలేదు. మీరు నిలబడాల్సింది ఈ రెండో మాట మీద. అంతకు మించి చెబితే అటువైపు లెక్క తెలిసిన మనిషి ఒక్క ప్రశ్నతో మిమ్మల్ని కూర్చోబెడతారు.

ఆ 38 రోజులన్నది కూడా సరిచూడాలి. అది ఎక్కడి నుంచి తీశారు? కంప్యూటర్‌లో స్టాకు సున్నా కాని రోజులు లెక్కపెట్టి ఉంటే అసలు సంఖ్య ఇంకా తక్కువే ఉంటుంది. నూనె ప్యాకెట్లతో వచ్చే తంటా ఇది. సీలు దగ్గర కారిన ప్యాకెట్లని పక్కకి తీసి గోడౌన్ మూల ట్రేలో పడేస్తారు. డ్యామేజ్ ఎంట్రీ మాత్రం నెలాఖరున ఒకేసారి వేస్తారు. అప్పటిదాకా కంప్యూటర్‌లో 4 ఉంటాయి, అరలో ఒక్కటీ ఉండదు. మీ ఆటో ఇండెంట్, అంటే కంప్యూటర్ తనంతట తానే సరుకు తెప్పించే పద్ధతి, స్టాకు 4 కన్నా తగ్గితేనే సరుకు అడిగేలా పెట్టి ఉంటే, అది అడగనే అడగదు. అరలో లేదు కాబట్టి అమ్మకం లేదు, అమ్మకం లేదు కాబట్టి 4 తగ్గదు, 4 తగ్గదు కాబట్టి లారీలో సరుకు రాదు. మనిషి వెళ్లి చేత్తో లెక్కపెట్టేవరకు ఆ ముడి విడదు.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. స్టాకు రిపోర్టులో చివరి అమ్మకం తేదీ అనే గడి ఉంటుంది. రోజుకి 0.6 చొప్పున పోయే సరుకు వారంలో నాలుగు పోవాలి. స్టాకు ఉన్నట్టు చూపిస్తూ వారం రోజులు ఒక్కటీ పోకపోవడం అనేది మామూలుగా వందలో ఒకటి రెండుసార్లకి మించి జరగదు. కనుక ఏడు రోజులుగా అమ్మకం లేని సరుకుల జాబితా ఉదయం తలుపులు తీసేముందు తీసి, అర దగ్గరికెళ్లి చూడండి. లేకపోతే అప్పుడే స్టాకు సరిచెయ్యండి. కారిన ప్యాకెట్‌కి ఎంట్రీ ఆ పూటే పడాలి. ఈ ఒక్క అలవాటు లేకపోతే, కింద నేను చెప్పబోయే లెక్కలేవీ నమ్మదగినవి కావు.

ఇక రిపోర్టుకి ఎంచుకున్న నెలలు. జూన్, జులై, ఆగస్టు అమ్మకాలతో మన ప్రాంతంలో పప్పునూనె భవిష్యత్తు తేల్చడం నాకు అసలు మింగుడుపడలేదు. ఉగాది దాటి మామిడికాయ టెంక పట్టిన దగ్గర్నుంచి, ఈ నూనె బాగా పోయే ఆవకాయ సీజన్ మొదలవుతుంది. రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో వచ్చి జూన్ 7 దాకా ఉంటుంది, దాంతో సరి. మృగశిరలో తొలకరి పడ్డాక ముక్కకి తడి తగిలితే బూజు పడుతుందని ఎవరూ జాడీ జోలికి పోరు. అంటే మీ వాళ్ల రిపోర్టు సరిగ్గా సీజన్ గుమ్మం దాటుతున్న రోజున మొదలైంది.

సీజన్‌లో పోయే పరిమాణం కూడా వేరు. పాతిక కాయలకి కేజీ కారం, కేజీ ఆవపిండి, ముప్పావు నుంచి కేజీ ఉప్పు, రెండు లీటర్ల వరకు నూనె పడుతుంది. కాయ సైజుని బట్టి, ఇంటిని బట్టి కొలత మారుతుందనుకోండి. కొత్తపల్లి కొబ్బరి రకం మామిడికాయ దొరికిన వారం అలాంటి ఇళ్లు ఎనిమిది మీ షాపుకొస్తే నెలకి 15 అనే గీత ఒక్క పూటలో దాటేస్తారు. ఏడాది సగటులో ఆ పూట కనపడదు.

ఆటో ఇండెంట్ ఈ సీజన్‌ని ఎలా పాడుచేస్తుందో కూడా చూడండి, చాలామంది గమనించని సంగతి ఇది. చాలా కంపెనీల్లో గత కొన్ని వారాల సగటు మీద ఇండెంట్ నడుస్తుంది, మీ దగ్గర అది 28 రోజులనుకుందాం. ఏప్రిల్ 20 దాకా రోజుకి 0.5 పోయే సరుకు, ఆ రోజు నుంచి రోజుకి 5 పోవడం మొదలైందనుకుందాం. వారం గడిచాక 28 రోజుల సగటు 1.6 మాత్రమే. రెండు వారాలకి 2.75. అదీ సరుకు నిండుగా ఉండి, అడిగినవాళ్లందరికీ ఇవ్వగలిగితేనే. కానీ సగటు 0.5 ఉన్నప్పుడు వచ్చిన నాలుగైదు ప్యాకెట్లు ఒక్క రోజులో అయిపోతాయి. తర్వాతి లారీ వచ్చేదాకా అమ్మకం సున్నా, ఆ సున్నాలు మళ్లీ సగటుని కిందకి లాగుతాయి. అలా కుంటుకుంటూ ఎక్కిన సగటు మే నెలాఖరుకి పెద్ద ఇండెంట్ పెడుతుంది. సరుకు జూన్ మొదటి వారంలో దిగుతుంది. అప్పటికి ఊళ్లో జాడీలకి వాసెన కట్టేసి ఉంటారు. మిగిలిన నూనె జులైలో నిదానంగా కదిలే సరుకు, మూడు నెలల నిల్వ అని ఎర్ర రంగులో కనిపిస్తుంది. కొన్నది ఆలస్యంగా, తప్పు పట్టింది సరుకుని. మీ బ్రాంచిలో ఈ ఏడాది ఏప్రిల్ 1 నుంచి జూన్ 15 దాకా పప్పునూనె ఏ తేదీన ఎన్ని దిగాయి, ఏ తేదీన సున్నా అయ్యాయి అన్నది ఒక కాగితం మీద రాసి చూడండి. ఈ వరస కనపడితే హెడ్డాఫీసుకి పంపాల్సిన మొదటి కాగితం అదే.

పప్పునూనె అంటే ఒక గిరాకీ కాదు, రావులపాలెంలో అయితే మరీను. పచ్చళ్లకి లీటరు, అయిదు లీటర్లు కావాలి. రోజువారీ వంటకి, ఇడ్లీలో కారప్పొడికి, పులిహోరకి అర లీటరు చాలు. మూడోది గుడి. మీకు దగ్గర్లోనే మందపల్లి ఉంది. అక్కడ మందేశ్వరస్వామికి నువ్వుల నూనెతో తైలాభిషేకం చేయించడానికి శనివారాలు జనం వస్తారు, శని త్రయోదశి పడితే ఆ రద్దీ చెప్పక్కర్లేదు. అవతల వాడపల్లి వెంకన్న దగ్గరికి ఏడు శనివారాలు వరసగా వస్తామని మొక్కుకున్నవాళ్లు. వీళ్లలో చాలామందికి రావులపాలెం జంక్షన్ మీదుగానే దారి. వాళ్లకి కావాల్సింది చిన్న సీసా, చేతిలో పట్టుకుపోయేది. మీరు పంపిన జాబితాలో లీటరు కన్నా చిన్నది లేనే లేదు. ఆ గిరాకీ రిపోర్టులో తక్కువగా కనపడటం కాదు, అసలు కనపడే వీలే లేదు. పెట్టని సరుకుకి రిపోర్టులో వరసే ఉండదు కదండీ. ఎవరూ అడగట్లేదు కాబట్టి పెట్టలేదు అంటారు. లేదని తెలిసినవాళ్లు గుడి దగ్గర కొట్లోనే కొనుక్కుంటారు, మీ దగ్గరికి వచ్చి అడగరు.

నాలుగోది కార్తీకం. పంచారామాల్లో ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, భీమవరం నాలుగూ పాత ఉమ్మడి గోదావరి జిల్లాల్లోనే ఉన్నాయి. ఆ నెలంతా దీపాల నూనె కదులుతుంది. ఇక్కడ కంప్యూటర్ వేసే ఇంకో తప్పు ఉంది. అది పోయినేడు అక్టోబరుని ఈ ఏడాది అక్టోబరుతో పోలుస్తుంది. కార్తీకం 2023లో నవంబరు 14న మొదలైంది, 2024లో నవంబరు 2న, 2025లో అక్టోబరు 22న. అధిక జ్యేష్ఠం వల్ల 2026లో మళ్లీ నవంబరు 10కి జరుగుతుంది. 2025 అక్టోబరులో పది రోజుల కార్తీకం ఉంది, 2026 అక్టోబరులో ఒక్క రోజూ లేదు. రిపోర్టు మాత్రం అక్టోబరులో అమ్మకాలు పడిపోయాయనే అంటుంది. పూజ సరుకుల్ని ఇంగ్లీషు నెలతో కాదు, మాసం మొదలైన రోజు నుంచి వారాలు లెక్కపెట్టి పోల్చాలి. ఆవకాయకి మాత్రం ఈ బాధ లేదు, కార్తెలు సూర్యుణ్ణి బట్టి వస్తాయి కాబట్టి ఏటా దాదాపు అవే తేదీలు.

ఒక జాగ్రత్త. దీపారాధన నూనె అని అమ్మే సీసాల్లో చాలావాటి మీద తినడానికి పనికిరాదని రాసి ఉంటుంది. వాటిని వంట నూనెల అరలో పెట్టొద్దు, పూజ సామాను దగ్గరే పెట్టండి. అమ్మకం లెక్క కూడా పూజ విభాగంలోకే పోతుంది కాబట్టి, నూనెల విభాగం చూసేవాళ్లకి కార్తీకం అమ్మకం సగమే కనిపిస్తుంది. రెండూ కలిపి చూడమని చెప్పాలి.

పప్పునూనె లేకపోతే కస్టమరు వేరుశనగ నూనో సన్‌ఫ్లవరో తీసుకుంటారు, అమ్మకం ఎక్కడికీ పోదు అన్న వాదన ఉంది చూశారా, అందులో కొంత నిజం లేకపోలేదు. వేపుడికి ఏ నూనె అయినా ఒకటే అనుకునేవాళ్లు ఉన్నారు. వేరుశనగ నూనెతో ఆవకాయ పెట్టే ఇళ్లూ ఉన్నాయి. కానీ ఎక్కువమంది పచ్చడికి పప్పునూనే కావాలంటారు. పట్టింపు ఒక్కటే కాదు దానికి కారణం. నువ్వుల్లో సహజంగా ఉండే పదార్థాల వల్ల ఆ నూనె త్వరగా కంపు కొట్టదు, ఏడాది నిల్వ ఉండాల్సిన పచ్చడికి అది ముఖ్యం. అభిషేకానికైతే బదులు అన్న మాటే లేదు. వాదించుకోవడం దేనికి, మీ డేటాలోనే చూడొచ్చు. పప్పునూనె బ్రాండ్లు రెండుంటే, ఒకటి అయిపోయిన రోజుల్లో రెండోది పెరిగిందా చూడండి. పెరిగితే రెండింట్లో ఒకటి తీసేయొచ్చు, నష్టం లేదు. రెండూ అయిపోయిన రోజుల్లో వేరుశనగ నూనె పెరిగిందా చూడండి. పెరగకపోతే ఆ కస్టమరు బయటికి వెళ్లిపోయినట్టే. ఒక బ్రాండుని తీసేయడం వేరు, ఒక అవసరాన్ని షాపులోంచి తీసేయడం వేరు. మీ కంపెనీ నియమానికి ఈ రెండింటి తేడా తెలియదు.

ఆవకాయ చీటీ పట్టుకుని వచ్చినవాళ్లు నూనె ఒక్కటే కొనరు. కారం, ఆవపిండి, కల్లుప్పు, మెంతులు, పసుపు అన్నీ అదే చీటీలో ఉంటాయి. నూనె లేదంటే చీటీ చీటీ అంతా పక్క కిరాణా కొట్టుకి పోతుంది. ఇది చూపించడానికి చాలామంది ఒక తప్పు లెక్క వేస్తారు, మీరు వెయ్యకండి: పప్పునూనె ఉన్న బిల్లుల సగటు తీసి, మొత్తం బిల్లుల సగటు కన్నా ఎంతో ఎక్కువ ఉందని చూపిస్తారు. పెద్ద బిల్లులో సరుకులు ఎక్కువ ఉంటాయి కాబట్టి ఏ సరుకు తీసుకున్నా అది పెద్ద బిల్లుల్లోనే ఎక్కువ కనపడుతుంది. అగరుబత్తికి వేసినా అదే జవాబు వస్తుంది. దానికి బదులు, మే నెలలో పప్పునూనె ఉన్న శనివారాల్నీ లేని శనివారాల్నీ పక్కపక్కన పెట్టి, ఆవపిండి, పచ్చడి కారం ఎన్ని పోయాయో చూడండి. శనివారాన్ని మంగళవారంతో పోల్చొద్దు. ఫోన్ నంబరు మీద పాయింట్లు ఇచ్చే పద్ధతి ఉంటే ఇంకా మంచిది. పోయినేడు మే నెలలో మీ దగ్గర పప్పునూనె కొన్న నంబర్లలో ఈ మే నెలలో అసలు షాపుకి రానివి ఎన్నో తీయండి. పోయినేడు మేలో వేరే నూనె కొన్న నంబర్లలో రానివి ఎన్నో అదీ తీయండి. ఆ రెండు శాతాల మధ్య తేడా పెద్దగా ఉంటే అంతకన్నా బలమైన సాక్ష్యం మీకు దొరకదు.

కంపెనీ బ్రాంచిలన్నిటి సగటు సంగతి క్లుప్తంగా చెబుతాను. హైదరాబాదు బ్రాంచిలూ మీ బ్రాంచీ ఒకే పట్టికలో పెట్టి కింద ఉన్న సరుకుని కొట్టేస్తే, తక్కువ బ్రాంచిలున్న ప్రాంతపు సరుకే ముందు పోతుంది. బ్రాంచిల్ని గుంపులుగా విడదీసి చూడమని అడగండి. జిల్లాల పేర్లతో కాదు, అక్కడి జనం ఏం కొంటారన్నదాన్ని బట్టి. కాకినాడలో ఉద్యోగస్తుల పేటలో ఉన్న బ్రాంచి మీ బ్రాంచిలా నడవదు. కొత్త సన్‌ఫ్లవర్ బ్రాండు అర అద్దె కింద కంపెనీకి డబ్బు కడుతోందేమో కూడా కనుక్కోండి. కడితే అది లాభమే, దాచుకోవాల్సిందేం లేదు. కాకపోతే ఆ డబ్బుని పక్కన పెట్టి, రెండు సరుకుల లాభాన్నీ ఏడాది మొత్తానికి పోల్చాలి. మూడు నెలల అద్దె పన్నెండు నెలల అరని కొనేయకూడదు.

క్యాన్ విషయంలో మాత్రం హెడ్డాఫీసు మాట సగం ఒప్పుకోండి. ఆగస్టులో అయిదు లీటర్ల క్యాన్ అరలో ఉండాల్సిన పని లేదు. పది నెలలు జాగా తింటుంది, డేటు దగ్గర పడితే తగ్గించి అమ్ముకోవాలి. దాన్ని ఉగాది తర్వాత వారం నుంచి జూన్ 7 దాకానే పెట్టే సరుకుగా మార్చమని మీరే రాయండి. లీటరూ అర లీటరూ ఒకే బ్రాండు ఏడాది పొడుగునా, రెండు వరసల జాగాలో. 100, 200 మిల్లీలీటర్ల సీసాలు శుక్రవారం సాయంత్రానికి కౌంటర్ దగ్గర, శని త్రయోదశి తేదీలు పంచాంగం చూసి ఏడాదికి ఒకేసారి ఇండెంట్ క్యాలెండర్‌లో. ఇంతే అడగండి. అన్నీ ఉంచమంటే ఏదీ ఉంచరు.

వినకపోతే పరీక్ష పెట్టమనండి. మీ బ్రాంచీ అమలాపురం బ్రాంచీ పప్పునూనె పెడతాయి, మండపేట, తణుకు బ్రాంచిలు ఇప్పుడున్నట్టే ఉంటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 7 దాకా. షరతులు రెండు. పరీక్ష పెట్టిన బ్రాంచిల్లో స్టాకు ఒక్క రోజు కూడా సున్నా కాకూడదు, ఆ రెండు నెలలు ఇండెంట్ చేత్తోనే పెట్టాలి. ఏది గెలుపో ఏది ఓటమో ముందే కాగితం మీద రాసుకోవాలి. నూనె లాభం ఒక్కటే కాదు, నూనె, కారం, ఆవపిండి, ఉప్పు నాలుగింటి లాభం కలిపి, పోయినేడు అవే తేదీలతో పోల్చి, రెండు జతల బ్రాంచిల మధ్య తేడా ఎంత అన్నది కొలత. అంకె ముందే రాసుకోకపోతే జూన్‌లో ఎవరికి నచ్చిన అర్థం వాళ్లు చెప్పుకుంటారు.

అప్పటిదాకా కౌంటర్ దగ్గర ఒక పుస్తకం పెట్టించండి. బిల్లు కొట్టేటప్పుడు "ఏమైనా దొరకలేదా అండీ?" అని అడిగి, చెప్పింది ఒక గీత గీసి పెట్టమనండి. నాలుగు వారాలు చాలు. ఆ పుస్తకంలో పడేది లోపలికి వచ్చి అడిగినవాళ్ల లెక్క మాత్రమే, రావడం మానేసినవాళ్లది కాదు. కాబట్టి అందులో పప్పునూనెకి 12 గీతలుంటే హెడ్డాఫీసుకి రాసేటప్పుడు 12 మంది అని రాయకండి, కనీసం 12 మంది అని రాయండి.